రంగుల గోళం ఎందుకు నిలవలేదు?

చీరల కొట్లో నెమలికంఠం రంగు కావాలంటే అమ్మే మనిషి తడుముకోడు. చిలకాకుపచ్చ, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు అన్నా అంతే. 1814లో స్కాట్లండ్ చిత్రకారుడు పాట్రిక్ సైమ్ కూడా ఈ దారే పట్టాడు. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ రంగులకు పేర్లు పెట్టిన పద్ధతిని పెంచి, ఒక్కో రంగు ఏ జంతువులో, ఏ మొక్కలో, ఏ ఖనిజంలో కనిపిస్తుందో పట్టిక వేశాడు. బీగిల్ ఓడలో డార్విన్ దాన్ని వెంట ఉంచుకున్నాడు.

శాస్త్రం మాత్రం ముందు ఆకారాన్ని గీసి రంగుల్ని అందులో సర్దాలని చూసింది. 1704లో న్యూటన్ అచ్చువేయించిన చక్రంలో ఏడు రంగులున్నాయి. సంగీతంలోని ఏడు స్వరాలతో పోల్చి ఆయన ఆ లెక్క కట్టాడు. ఇంద్రధనుస్సు పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఈ సంగతీ చెప్పాలి. 1810లో చిత్రకారుడు రూంగె ఏకంగా గోళమే గీశాడు: ఒక ధ్రువం తెలుపు, రెండోది నలుపు. చూడముచ్చటైన బొమ్మే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం షెవ్రూల్. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకాల అధికారి. అక్కడి నలుపు వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. రసాయన శాస్త్రవేత్త కాబట్టి ముందు అద్దకాన్నే అనుమానించాడు. వేరే చోట అద్దిన నల్ల ఉన్ని తెప్పించి పోల్చాడు. తేడా లేదు. నలుపు పక్కన నేసిన నీలం, ఊదా పోగులే దాన్ని అలా చూపిస్తున్నాయి! పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. రంగుకు చోటు చూపేటప్పుడు చూసే కంటిని పక్కనపెట్టడం అప్పటినుంచీ కుదరని పని.

బోస్టన్‌లో చిత్రకళ బోధించిన ఆల్బర్ట్ మన్సెల్ కూడా మొదట గోళంతోనే ఆలోచించాడు. కానీ పసుపు లేతగా ఉన్నప్పుడే నిండుగా మెరుస్తుంది. నీలం ముదిరితేనే చిక్కబడుతుంది. చిక్కదనంలో ఎరుపు చాలా దూరం సాగుతుంది, ఆకుపచ్చ అంత సాగదు. ఇవన్నీ ఒకే గుండ్రంలో ఇమడవు. చివరికి తేలింది కొమ్మలు ఎగుడుదిగుడుగా ఉన్న చెట్టు. అందమైన గోళం కన్నా ఈ వంకర చెట్టే నిజాయితీగల పటమని నా నమ్మకం.

నేలల్ని పరిశీలించేవాళ్లు ఇప్పటికీ మన్సెల్ రంగుల పుస్తకమే వాడతారు. ప్రతి రంగు ముక్క పక్కనా చిన్న రంధ్రం ఉంటుంది. చల్కా మట్టిగడ్డను దాని వెనక పట్టి, రంగు కలిసేదాకా ఒక్కో రంధ్రమూ మారుస్తారు. ఆ రంగు ముక్క అంకె రాసుకుని, మట్టిని కాస్త తడిపి మళ్లీ చూస్తారు. ఈసారి ముదురుగా కనిపిస్తుంది. ఆ అంకెనూ పక్కనే రాసుకుంటారు.