మార్చుకునే గడువు కూడా చూసుకోండి

కన్వర్టిబుల్ టర్మ్ పాలసీని, అంటే నిర్ణీత కాలానికి తీసుకుని తర్వాత మార్చుకునే వీలున్న జీవిత బీమాను, ఎప్పుడు కావాలన్నా జీవితాంతం ఉండే శాశ్వత పాలసీగా మార్చుకోవచ్చని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ వాక్యాన్ని సవరించండి. అమెరికాలో 30 ఏళ్ల టర్మ్ తీసుకున్నా, మార్చుకునే హక్కు చాలా పాలసీల్లో మొదటి 10 ఏళ్లకో, 65 లేదా 70 ఏళ్ల వయసుకో ముగిసిపోతుంది. ఆ తర్వాత బీమా కొనసాగుతుంది గానీ మార్చుకునే వీలుండదు.

ఈ హక్కు విలువ తెలిసేది ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడే. 35వ ఏట పాలసీ తీసుకున్న మనిషికి 44వ ఏట క్యాన్సర్ బయటపడిందనుకోండి. కొత్తగా బీమా దొరకడం గగనం. గడువులోగా పాత పాలసీని మార్చుకుంటే మళ్లీ వైద్య పరీక్షలు ఉండవు, మొదట ఆరోగ్యాన్ని చూసి ఇచ్చిన రేటింగే వర్తిస్తుంది. ప్రీమియం మాత్రం సాధారణంగా 44 ఏళ్ల వయసు లెక్కన కట్టాలి. అది టర్మ్ ప్రీమియానికి ఎన్నో రెట్లు! అందుకే 5 లక్షల డాలర్ల పాలసీలో లక్ష మాత్రమే మార్చుకునే వీలుందేమో ముందే అడగాలి. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

అక్కడ ఉద్యోగాలు చేసే మనవాళ్లలో కొందరు కంపెనీ ఇచ్చే గ్రూప్ బీమానే నమ్ముకుని ఉంటారు. ఉద్యోగం పోతే దాన్ని సొంత పాలసీగా మార్చుకోవడానికి సాధారణంగా 31 రోజులే గడువు. వీసా కంగారులో అది గుర్తుకు రాకపోవడం సహజం. దీనిపై విడిగా ఒక వ్యాసం రాయండి.