మౌస్ ముట్టని క్యాడ్ విద్య

మా అబ్బాయి చదివే పాఠశాలలో ఈ ఏడాది తొమ్మిదో తరగతికి కంప్యూటర్ ఎయిడెడ్ డిజైన్ (క్యాడ్), అంటే కంప్యూటర్ తెర మీద వస్తువుల నమూనాలు గీసే విద్య, పాఠ్యాంశమైంది. అందులో పొంచి ఉన్న ప్రమాదాన్ని యాజమాన్యం ముందే పసిగట్టి, పిల్లలను కంప్యూటర్ దరిదాపులకు రానివ్వకుండా ఆ విద్య నేర్పుతున్నందుకు దిల్‌సుఖ్‌నగర్ తల్లిదండ్రుల పక్షాన కృతజ్ఞతలు తెలుపుకోవడం నా విధి.

1963లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అనే విద్యార్థి తెర మీద కాంతికలంతో బొమ్మ గీసి, గీసినదాన్ని మళ్లీ మార్చుకోవచ్చునని చూపినప్పుడే ఈ ఉపద్రవం మొదలైంది. తప్పు చేయడం, కంట్రోల్ జెడ్ నొక్కి దిద్దుకోవడం ఒకసారి అలవాటైన పిల్లవాడు, తప్పు జవాబుకు ఒక మార్కు కోసే జేఈఈ మెయిన్‌లో ఏ మీట నొక్కుతాడు? కేంద్రమేమో 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల పేరిట ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చి, ఆరో తరగతి నుంచే పిల్లల చేత వస్తువులు తయారు చేయించాలని చూస్తోంది. బ్రౌజరులోనే పనిచేసే టింకర్‌క్యాడ్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచితం కూడాను. ఫీజు లేని చదువు మీద గౌరవం ఎలా కలుగుతుంది?

మా వాడి నోటుబుక్కు చూసి నా మనసు కుదుటపడింది. "ఎక్స్‌ట్రూడ్ అనగానేమి? చదునైన ఆకృతికి మందము కల్పించుటను ఎక్స్‌ట్రూడ్ అందురు." కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండు గీతలు. తరువాతి పేజీలో మౌస్ పటము గీసి భాగములు గుర్తించారు. తోక మరిచినందుకు అర మార్కు పోయింది. ఇక గీసిన నమూనాను ప్లాస్టిక్ వస్తువుగా తయారు చేసే త్రీడీ ప్రింటరు ఆయుధపూజ నాటి కుంకుమతో, ఎండిన బంతిపూల దండతో గాజు తలుపుల వెనుక క్షేమంగా ఉంది. ప్లాస్టిక్ తీగ చుట్టకు కవరైనా విప్పలేదు.

అయినా మా ఇంట్లో అపచారం జరిగింది. మిక్సీ స్విచ్చును తిప్పే పిడి విరిగితే, మా వాడు నా ల్యాప్‌టాప్‌లో కొత్తది గీసి, ఒక దుకాణంలో త్రీడీ ప్రింటరు మీద అచ్చు వేయించాడు. ఆరు మిల్లీమీటర్ల రంధ్రం కాస్త ఇరుకుగా వచ్చి ఇరుసుకు ఎక్కలేదు, 6.3 చేసి మళ్లీ తెచ్చాడు. ఆ పూట కొబ్బరి పచ్చడి తిన్నాం గానీ, మనసు ఒప్పుకోక మర్నాడే క్లాస్ టీచరు గారికి విన్నవించాను. ఆవిడ పుస్తకం చివరిదాకా తిరగేసి, "రంధ్రం పెద్దది చేయడం ఈ యూనిట్‌లో లేదండీ" అన్నారు.