మహారాజశ్రీ ఐ-20 గారి దివ్య సముఖమునకు

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్న మేమందరం చేతులు కట్టుకుని చేసుకునే విన్నపం ఏమనగా,

మాకు సీటిచ్చిన కాలేజీ జారీ చేసే విద్యార్థి పత్రమైన తమరు చూడబోతే మూడే మూడు పేజీలు. మొదటి పేజీలో మేమెవరం, ఏ కోర్సు, ఎంత డబ్బు చూపించాం. రెండో పేజీలో ఉద్యోగ అనుమతులు, ప్రయాణ సంతకాలు. మూడో పేజీ నిండా సూచనలు, అది ఎవరూ చదవరు. తీరా పీకల మీదికి వచ్చాక చూస్తే అంతా అక్కడే రాసి ఉంటుంది. 2003 నుంచి తమరి అసలు ప్రాణం విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులో ఉందట, మా ఫోల్డర్లో ఉన్నది ఉత్సవ విగ్రహం మాత్రమేనట. మూలవిరాట్టు దర్శనానికి 350 డాలర్ల టికెట్టు, అది వీసా ఫీజుకి అదనం.

ముందుగా పేరు సంగతి. తమరి దగ్గర ఇంటిపేరుకొక గడి, పెట్టిన పేరుకొక గడి. మావాళ్లు తాతగారి కోసం వెంకట, మొక్కు కోసం సాయి, జాతకం కోసం ఇంకో అక్షరం చేర్చి బారసాలలో బియ్యంలో రాసిన పేరుని ఆ గడిలో ఇరికించడమే ఒక యజ్ఞం. అంతకంటే చిత్రం, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ల గతి. వాళ్ల పేరంతా తమరి ఇంటిపేరు గడిలోకి పోతుంది, రెండో గడి బోసిగా ఉంటుంది. వీసా మీద ఆ బోసి జాగాలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అది అక్కడితో ఆగదు, బ్యాంకు కార్డుకీ డ్రైవింగ్ లైసెన్సుకీ పాకుతుంది. ప్రొఫెసర్ హాజరు పిలుస్తూ "ఫ్నూ" అంటే ఒక్కోసారి ఇద్దరు చెయ్యెత్తుతారు. దీనికి మందు ఒకటే. ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడగొట్టించుకోవాలి, ఆ తర్వాతే తమరిని అడగాలి, ఆపైన వీసా. ఈ వరస తప్పితే దిద్దుబాట్లు మళ్లీ మొదటి నుంచి.

కాన్సులేటు వరమిచ్చినా విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి అనే పూజారి ఉంటాడు. ఆయన కౌంటర్ సామాను బెల్టు కంటే ముందొస్తుంది. తమరిని భద్రంగా ఉంచుదామని పెద్ద సూట్‌కేసు అడుగున, చీరల మడతల్లో దాచిన అమ్మలకి ఈ సంగతి తెలియదు. కౌంటర్ దగ్గర బిడ్డ వట్టి చేతులతో నిలబడితే పక్క గదికి పంపుతారు. అదృష్టం బాగుంటే లోటు కాగితాలు పంపమని ఐ-515ఏ అనే చీటీ ఇచ్చి 30 రోజుల గడువుతో లోపలికి వదులుతారు. కాబట్టి తమరి స్థానం చేతిసంచిలో, పాస్‌పోర్టు పక్కన. ఇంకో మాట, మొదటి పేజీ అడుగున డీఎస్ఓ (కాలేజీలో మా వీసా వ్యవహారాలు చూసే అధికారి) సంతకం చూసి సంబరపడి, దాని కింద తాము చెయ్యాల్సిన సంతకం మర్చిపోయేవాళ్లు ప్రతి సెమిస్టరుకీ ఉంటారు.

ఇక అసలు ఫిర్యాదు. తమరి పేరులోనే ఉంది 20. ఆ అంకె మీద తమరికి ఎందుకంత మోజు? తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు దాటకూడదన్నారు. సరే. శుక్రవారం రాత్రి డైనింగ్ హాల్ డిష్ రూమ్‌లో తమరి మహిమ చూడాలి. ఆ వారానికి అప్పటికే 16 గంటల 10 నిమిషాలు అయ్యాయి. షిఫ్టు ఆరు నుంచి పది. ట్రేలు బెల్టు మీద వస్తూనే ఉంటాయి, మోచేతుల దాకా నురగ, కళ్లు మాత్రం గోడ గడియారం మీద. 9:50 కాగానే గ్లవ్స్ విసిరేసి క్లాక్ అవుట్ మెషీన్ దగ్గరికి పరుగు. పది నిమిషాల్లో ఏ కొంప మునుగుతుందో సూపర్‌వైజరుకి అర్థం కాదు. మునిగేది మా కొంప. ఈ వారం 24, వచ్చే వారం 16 చేస్తే సరాసరి సరిపోదా అని కొత్తవాళ్లు అడుగుతారు. సరిపోదు. ఏ వారం లెక్క ఆ వారానిదే. లైబ్రరీలో 12, డైనింగ్‌లో 10 చేసినా తమరికి అది 22యే.

అదే చదువైపోయి, చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీలో అడుగుపెట్టగానే తమరు ప్లేటు ఫిరాయిస్తారు. ఇప్పుడు వారానికి 20 గంటలకి తగ్గితే నిరుద్యోగి కింద లెక్క, అలాంటి రోజులు మొత్తం 90 దాటకూడదు, శని ఆదివారాలతో సహా. నిన్నటిదాకా 20 దాటితే నేరం, ఇవాళ 20 కంటే తగ్గితే నేరం. అత్తగారి పెత్తనంలో అయినా కాస్త నిలకడ ఉంటుంది.

జ్వరం వచ్చినా డాక్టర్ కంటే ముందు డీఎస్ఓ కనిపించాలి. ముందస్తు అనుమతి లేకుండా సబ్జెక్టు వదిలేసి క్రెడిట్లు తగ్గితే జబ్బు నయమయ్యేలోపు స్టేటస్ పోతుంది. డాక్టర్ చీటీ పట్టుకెళ్లి మొదట అనుమతి, తర్వాతే డ్రాప్ బటన్. పూర్తికాలం లెక్కకి సెమిస్టరుకి ఒక్క ఆన్‌లైన్ క్లాసే చెల్లుతుంది. చివరి సెమిస్టర్లో ఒకే ఒక్క సబ్జెక్టు మిగిలితే అది ఆన్‌లైన్లో ఉండకూడదు. ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలి. పది రోజుల్లో మూడు ఇళ్లలో సోఫాల మీద పడుకునే ఆగస్టు నెలలో ఏ సోఫా అడ్రసు ఇవ్వాలో మూడో పేజీలో కూడా లేదు.

చదువు మధ్యలో కోర్సులో భాగంగా చేసే ఉద్యోగం, అంటే సీపీటీ, పూర్తికాలం 12 నెలలు చేస్తే ఓపీటీ గల్లంతు, అందుకే తెలిసినవాళ్లు 11 నెలల దగ్గరే బ్రేకేస్తారు. ఓపీటీ అర్జీకి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, తర్వాత 60 రోజుల దాకా సమయం ఉందని ధీమాగా ఉంటాం. డీఎస్ఓ తమరి రెండో పేజీలో ఓపీటీ సిఫారసు ఎక్కించిన నాటి నుంచి 30 రోజుల్లో అర్జీ ఇమ్మిగ్రేషన్ శాఖ అయిన యూఎస్‌సీఐఎస్‌కి చేరాలన్న సంగతి చాలామందికి 31వ రోజున తెలుస్తుంది. సిఫారసు రాకముందే తొందరపడి పంపినా తిరగ్గొడతారు. ముందుకెళ్తే గొయ్యి, వెనక్కెళ్తే నుయ్యి.

ఇన్ని చెప్పినా తమరిని పారేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ప్రయాణ సంతకం కోసం ఒకటి, పేరు దిద్దుబాటుకి ఒకటి, సీపీటీకి ఒకటి, ఓపీటీకి ఒకటి, ఇలా తమరి అవతారాలు అన్నీ ఫోల్డర్లో వరసగా ఉన్నాయి. ఎప్పుడో హెచ్-1బీ ఉద్యోగ వీసా వేళ పాతవన్నీ పట్టుకురమ్మంటారని సీనియర్లు ముందే చెప్పారు. మా పదో తరగతి మెమో ఎక్కడుందో మాత్రం అమ్మని అడగాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎఫ్‌ఎన్‌యూ
(సంతకం చేశాను, తేదీ కూడా వేశాను)