డబ్బులిస్తానన్నా బాగు చేయరట

ఇప్పుడే బెంగళూరు కోరమంగలలో సర్వీస్ సెంటర్ నుంచి ఇంటికొచ్చాను. తల ఇంకా వేడిగానే ఉంది. పొడుగ్గా రాస్తాను, ఓపికున్నవాళ్లు చదవండి.

తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన గేమ్ కన్సోల్, సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5), పాడైంది. ఆన్ అవుతుంది, బీప్ అంటుంది, లైట్ వెలుగుతుంది, టీవీలో మాత్రం నో సిగ్నల్. ఫోన్ టార్చ్ వేసి చూస్తే వెనక టీవీ కేబుల్ పెట్టే హెచ్‌డీఎంఐ పోర్ట్‌లో ఒక పిన్ను పక్కకి ఒరిగిపోయి ఉంది. ఉన్న జబ్బంతా అదే. సెలవు పెట్టుకుని, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నలిగి, మారతహళ్లి నుంచి సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి దాన్ని తిరగేశాడు, స్టిక్కర్ చదివాడు, సీరియల్ నంబర్ కొట్టాడు, మళ్లీ నా వైపుకి తోసేశాడు.

"ఇది యూఎస్ పీస్ మేడం. మేం తీసుకోం."

వారంటీలో చేయమనడం లేదు బాబూ, ఎంతయితే అంత ఇస్తాను అన్నాను. "డబ్బులిచ్చినా సిస్టమ్‌లో జాబ్ షీట్ ఓపెన్ అవదు మేడం" అన్నాడు. మదనపల్లె అబ్బాయట, నా మాట విని లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చాడు కూడా. అతని మీద నాకేం కోపం లేదు. లోపలి నుంచి వచ్చిన పెద్దమనిషి మాత్రం "బాబు ఆడుకుంటాడా మేడం? ఇంకోటి కొనిచ్చేయండి" అన్నాడు. బాబెవరండీ? ఆడేది నేను. పగలంతా ఆఫీసు కాల్స్ అయ్యాక రాత్రి ఒక గంట నా సొంత టైమ్ అది. నలభై దగ్గరపడిన ఆడది కన్సోల్ పట్టుకొస్తే అది కొడుకుదే అయ్యుండాలని ఎందుకనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, ఆ గొడవ ఇంకోసారి.

అదే కంపెనీ, అదే మోడల్, అదే పోర్ట్. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుక్కర్‌కి అత్తగారి ఊళ్లో గాస్కెట్ అమ్మం అన్నట్టుంది. వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందని పెట్టుకున్నారు, పెట్టుకోనివ్వండి. కానీ డబ్బులు తీసుకుని పిన్ను సరిచేయడానికి కూడా పాస్‌పోర్ట్ చూడాలా?

ఈ మాట టీమ్‌లో చెప్తే ఒకాయన "అమెరికాలో చవగ్గా వస్తుందని తెప్పించుకున్నారుగా, మరి అనుభవించండి" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. చవకా? పీఎస్5 అక్కడ 499 డాలర్లకి మొదలైంది, దాని మీద సేల్స్ ట్యాక్స్ వేరే. ఇక్కడ మొదలైనప్పుడు 49,990 రూపాయలు. డాలర్ లెక్క వేసుకుంటే కొంత మిగిలినా, దానికోసమేనా ఇంత తిప్పలు? పైగా ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ టెన్షన్ ఒకటి. అప్పుడున్న 2016 బ్యాగేజ్ రూల్స్‌లో ఒక మనిషికి 50,000 రూపాయల వరకే మినహాయింపు ఉండేది, ఆపై విలువ మీద 38.5 శాతం డ్యూటీ వేసేవారు. ఈ కన్సోల్ కోసం మా తమ్ముడు తన బట్టలు తగ్గించుకుని మరీ సూట్‌కేస్‌లో చోటు చేశాడు.

చవక కోసం కాదండీ, ఇక్కడ దొరక్క తెప్పించుకున్నాం. అదే పీఎస్5 అమెరికాలో, జపాన్‌లో 2020 నవంబర్ 12న వచ్చింది. వారం తిరిగేసరికి యూరప్‌లో వచ్చింది. మనకి 2021 ఫిబ్రవరి 2 దాకా దిక్కు లేదు. ప్రీ ఆర్డర్లు తెరిస్తే నిమిషాల్లో ఖాళీ. ఇంకో కన్సోల్ కంపెనీ నింటెండో వాళ్లయితే 2017లో స్విచ్ అనే తమ కన్సోల్‌ని ప్రపంచమంతా అమ్ముతూ మన దేశంలో అధికారికంగా విడుదలే చేయలేదు. కావాలంటే మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌కి వెళ్లి, బిల్లు లేకుండా, వాళ్లు చెప్పిన రేటుకి కొనుక్కోవాలి. లేదంటే బావకో తమ్ముడికో ఫోన్ చేయాలి. మనల్ని చివర్లో నిలబెట్టింది వాళ్లు, అడ్డదారిలో వచ్చారనేది మనల్ని.

మెషీన్లలో తేడా ఉంటే నేనూ నోరు మూసుకునేదాన్ని. ఒకప్పుడు ఉండేది. టీవీ సిగ్నల్ పద్ధతులే వేరు, అమెరికా టీవీలది ఎన్‌టీఎస్‌సీ, మనవాటిది పాల్ (పీఏఎల్). కన్సోల్ తెచ్చినా బొమ్మ సరిగ్గా వచ్చేది కాదు. హెచ్‌డీఎంఐ వచ్చాక ఆ బాధ పోయింది. పీఎస్5 గేమ్ డిస్క్ ఏ దేశంలో కొన్నా ఏ దేశం మెషీన్‌లోనైనా ఆడుతుంది. చేత్తో పట్టుకుని ఆడే తమ పాత 3డీఎస్‌కి రీజియన్ లాక్ (ఒక ప్రాంతం గేమ్ ఇంకో ప్రాంతం మెషీన్‌లో ఆడకుండా తాళం) పెట్టిన నింటెండో కూడా స్విచ్‌కి వచ్చేసరికి తీసేసింది. అంటే వీళ్లు తల్చుకుంటే గోడలు తీసేయగలరు. కానీ డబ్బులు వచ్చే చోట మాత్రం తీయరు.

చూడండి. ప్లేస్టేషన్ అకౌంట్ తెరిచేటప్పుడు పెట్టిన దేశాన్ని తర్వాత మార్చడానికి లేదు. మనిషి డాలస్ వదిలి బెంగళూరు వచ్చేసినా అకౌంట్ డాలస్‌లోనే ఉండిపోతుంది. అమెరికా డిస్క్ తెచ్చుకుని, దాని అదనపు భాగాల్ని ఇండియా అకౌంట్‌తో కొంటే ఆ డిస్క్‌కి అవి చాలాసార్లు అతకవు. గిఫ్ట్ కార్డులూ అంతే, ఏ దేశం కార్డు ఆ దేశం స్టోర్‌కే. నా పుట్టినరోజుకి తమ్ముడు పంపిన కార్డు ఇంకా మెయిల్‌లో మూలుగుతోంది. సినిమా బ్లూరేలకి కూడా హద్దులు గీశారు, అమెరికాది ఏ, మనది సీ. ఇక 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 చూడండి. జపాన్‌లో 49,980 యెన్‌లకి ఒకటి అమ్మారు, అందులో జపనీస్ తప్ప ఇంకో భాష ఉండదు, జపాన్ అకౌంట్ తప్ప ఇంకోటి పని చేయదు. అన్ని భాషలున్నది కావాలంటే 69,980 పెట్టమన్నారు. బయటి దేశాలవాళ్లు చవకది పట్టుకుపోకుండా కట్టిన గోడ అది. తెలియకుండా జరిగిందని ఎలా అనుకోమంటారు?

నిజం చెప్పాలంటే నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. మా ఇంటికి వచ్చిన మొదటి కన్సోల్‌ది.

అప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను, ఇల్లు ప్రొద్దుటూరులో. మా పెదనాన్న కొడుకు అమెరికా నుంచి మొదటిసారి వస్తూ నాకూ తమ్ముడికీ ఒక కన్సోల్ తెచ్చాడు. అమెరికా ప్లగ్ బల్లపరుపు పిన్నులు మన సాకెట్‌లో పట్టవు కదా, నాన్న బజారుకెళ్లి కన్వర్టర్ ప్లగ్ కొనుక్కొచ్చారు. అది పిన్ను ఆకారం మారుస్తుంది తప్ప కరెంటు మార్చదని కొట్టువాడూ చెప్పలేదు, తెచ్చినవాడూ చెప్పలేదు. అమెరికాలో 120 వోల్టులు, మనకి 230. ఆ అడాప్టర్ 120కి మాత్రమే చేసింది. స్విచ్ వేయగానే టప్‌మని మోగి కాలిన వాసన ఇల్లంతా పట్టేసింది.

ఆ అడాప్టర్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే పొడుచుకొచ్చిన చిన్న అక్షరాలు. వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనబడవు. నాన్న ఎలా చదువుతారు? చదివినా అది ప్రమాదమని అందులో ఎక్కడ రాశారు? కానీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "అంత ఖరీదైంది ఒక్క నిమిషంలో తగలేశావట కదయ్యా" అనే. పెళ్లిళ్లలో, పండగల్లో, ఏళ్ల తరబడి అదే పరాచికం. ఎలక్ట్రిసిటీ బోర్డులో లైన్‌మన్‌గా పనిచేసిన మనిషి ఆయన! ఆ తర్వాత ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ఆయన ప్లగ్ పెట్టేవారు కాదు. "నువ్వు పెట్టమ్మా" అని దూరంగా నిలబడేవారు. ఇవాళ మిక్సీ కొన్నా అంతే.

100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే సప్లై పెట్టడం అప్పుడూ తెలిసిన పనే. ఆ రోజుల్లో లాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ అలాగే వచ్చేవి. నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి ఒకే వోల్టేజీది పెట్టి పంపిన కంపెనీని ఎవరూ ఒక్క మాట అనలేదు. నింద మాత్రం ప్లగ్ పెట్టిన మనిషి మీద పడింది. ఇవాళ కూడా అంతే జరిగింది. తప్పంతా తెప్పించుకున్న నాదట.

ఇప్పటికీ 120 వోల్టుల పాత కన్సోళ్లు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. కొనేముందు అడాప్టర్ మీద ఇన్‌పుట్ అని ఉన్న చోట చూడండి. 100-240 అని ఉంటే భయం లేదు, మామూలు పిన్ను మార్పిడి చాలు. 120 ఒక్కటే ఉంటే 230ని 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత అసలు పెట్టించొద్దు.

ఇక నా సంగతి. రేపు ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్‌కి వెళ్తున్నాను. హెచ్‌డీఎంఐ పోర్ట్ విప్పి కొత్తది అతికించేవాళ్లు, బోర్డు కాల్చకుండా చేసేవాళ్లు ఎవరైనా మీకు స్వయంగా తెలిసుంటే కొట్టు గుర్తులు చెప్పండి. ఇంకోటి కొనుక్కోమని మాత్రం ఎవరూ రాయొద్దు, ఆ మాట ఇవాళ ఇప్పటికే విన్నాను.