తప్పంతా చేపదే

అమెరికాకు దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో ఉన్న అయిదు రాష్ట్రాలకూ, వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వానికీ మధ్య రెడ్ స్నాపర్ అనే చేప విషయమై ఏళ్ళ తరబడి నడుస్తున్న వివాదంలో అన్ని పక్షాల వాదనలనూ ఓపికగా పరిశీలించిన మీదట, ఈ వ్యాసకర్త ఒక నిర్ణయానికి వచ్చాడు. రాష్ట్రాలది తప్పు కాదు. కేంద్రానిది తప్పు కాదు. సెలవు రోజున సరదాగా గాలం వేసుకునే పెద్దమనుషులది అసలే కాదు. తప్పంతా చేపదే.

ఈ చేప యాభై ఏళ్ళకు పైగా బతకగలదు. చదువుకోవాలన్న బుద్ధి ఉంటే ఆ వ్యవధిలో న్యాయశాస్త్రంలో రెండు మూడు పట్టాలు పుచ్చుకోవచ్చు. అయినా తాను ఈదుతున్న నీళ్ళు ఎవరివో తెలుసుకోవాలన్న ధ్యాస దానికి లేదు. టెక్సస్ తీరం నుంచి తొమ్మిది నాటికల్ మైళ్ళ దాకా ఉన్నవి రాష్ట్ర జలాలు. ఎందుకంటే 1836లో టెక్సస్ స్వతంత్ర రిపబ్లిక్‌గా ఉన్నప్పుడు మూడు లీగుల (అంటే ఆ తొమ్మిది మైళ్ళ) సముద్రం తనదేనని చట్టం చేసుకుంది. ఫ్లోరిడాకు కూడా గల్ఫ్ వైపు తొమ్మిదే. అది 1868లో ఆ రాష్ట్రం రాసుకున్న రాజ్యాంగం పుణ్యం. 1960లో సుప్రీంకోర్టు ఈ రెండు రాష్ట్రాల మాటా చెల్లుతుందని చెప్పి, లూసియానా, మిసిసిపి, అలబామాలను మూడేసి మైళ్ళతో సరిపెట్టుకోమంది. దాని ఫలితంగా అప్పట్లో ఒడ్డుకు నాలుగు మైళ్ళ దూరంలో తిరిగే చేప అలబామా ఎదుట ఉంటే ఫెడరల్ చేప, కాస్త తూర్పుకు జరిగి ఫ్లోరిడాలోకి వెళ్తే రాష్ట్ర చేప. ఇది అర్థం చేసుకోవడానికి చేపకు పెద్ద పాండిత్యం అక్కర్లేదు, కొద్దిపాటి శ్రద్ధ చాలు.

లూసియానా మాత్రం ఊరుకోలేదు. 2012లో తనంతట తానే గీతను మూడు లీగుల దాకా జరుపుకుంది. ఫెడరల్ ప్రభుత్వం గుర్తించలేదు. చివరికి 2015 డిసెంబరులో కాంగ్రెస్ ఒక భారీ బడ్జెట్ బిల్లు మధ్యలో చిన్న నిబంధన చొప్పించి ఆ మూడు రాష్ట్రాలకూ తొమ్మిది మైళ్ళు ప్రసాదించింది, అదీ స్నాపర్ లాంటి రీఫ్ చేపల (అడుగున రాళ్ళ దగ్గర మసలేవాటి) నిర్వహణ వరకే. చమురుకు పాత గీతే. కనుక లూసియానా ఒడ్డుకు అయిదు మైళ్ళ దూరంలో ఒక చమురు వేదిక ఉందనుకోండి: దాని గొట్టంలోంచి పైకి వచ్చే చమురు ఫెడరల్ సొత్తు, ఆ వేదిక ఇనుప కాళ్ళ చుట్టూ నీడకోసం మూగిన చేపలు రాష్ట్రం సొత్తు. ఇంత స్పష్టమైన ఏర్పాటు తర్వాత కూడా గందరగోళం ఉందంటే అది పాటించేవారి లోపమే. 2025లో ఆ సముద్రం పేరునే అధ్యక్షుడి ఉత్తర్వుతో గల్ఫ్ ఆఫ్ అమెరికా అని మార్చారు. ఆ కబురు కూడా చేపలకు అందినట్టు లేదు.

ఇక సీజన్ సంగతి. 2007లో ఫెడరల్ జలాల్లో సరదా వేటకు 194 రోజులు ఉండేవి. మరుసటి ఏడాది 65 అయ్యాయి. 2014 నాటికి, సరదా వేట ఏటా కోటా దాటిపోతోందని వాణిజ్య వేటగాళ్ళు కోర్టుకెక్కి గెలిచాక, 9 మిగిలాయి. మొదటి కోత చేపలు తగ్గిపోయాయనే. ఆ తర్వాత కూడా అందుకే తగ్గించారని పాఠకులు అనుకుంటే పొరపాటు. చేపలు పెరుగుతున్నాయి కాబట్టి తగ్గించారు. చట్టం ప్రకారం ఏడాదికి ఇన్ని పౌండ్లకు మించి పట్టకూడదు. నిర్వహణ ఫలించి చేపల సంఖ్యా, ఒక్కొక్క దాని బరువూ పెరిగేసరికి కోటా చిటికెలో నిండిపోతోంది. రోజులు తగ్గాయని రాష్ట్రాలకు కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అవి తమ జలాల్లో సీజన్లు పెంచేశాయి. టెక్సస్‌లోనైతే రాష్ట్ర జలాల్లో ఏడాది పొడవునా రోజుకు నాలుగు చేపలు పట్టుకోవచ్చు. అక్కడ పట్టినవి కూడా అదే కోటాలోంచి తీసెయ్యాలి గనుక కేంద్రం తన సీజన్‌ను ఇంకా తగ్గించింది. అది చూసి రాష్ట్రాలు ఇంకా పెంచాయి. ఈ పరస్పర సహకారాన్నే రాజనీతి పండితులు సమాఖ్య వ్యవస్థ అంటారు.

(మన ఆంధ్ర తీరంలోనూ పన్నెండు నాటికల్ మైళ్ళ లోపల రాష్ట్రం, ఆవల కేంద్రం. అయితే ఇద్దరూ కూడబలుక్కుని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటను ఒకేసారి ఆపేస్తారు. ఇంత చప్పగా సాగే చోట వ్యంగ్య రచయితలు ఏం తిని బతకాలి?)

అలా తగ్గుతూ పెరుగుతూ 2017 వచ్చింది. సొంత పడవలవారికి ఆ ఏడాది ఫెడరల్ సీజన్ జూన్ 1 నుంచి 3 వరకు, అంటే మూడు రోజులు. అదే చేపను అదే చోట కిరాయి పడవలో కూర్చుని పట్టేవారికి 49 రోజులు. పడవ ఎవరిదో గాలం మింగే ముందు కనుక్కోవలసిన బాధ్యత చేపదేనని వేరే చెప్పనక్కర్లేదు. జూన్ నెల మధ్యలో వాణిజ్య శాఖ జోక్యం చేసుకుని, రాష్ట్రాలతో ఒప్పందం కుదుర్చుకుని, సొంత పడవలవారికి మరో 39 రోజులు కలిపింది: సెప్టెంబరు మొదట్లో వచ్చే కార్మిక దినం దాకా శుక్ర, శని, ఆదివారాలు, మధ్యలో పండుగ రోజులు. దీనివల్ల కోటా దాటిపోతుందని, ఇలాగే కొనసాగిస్తే చేపల సంతతి కోలుకోవడం ఆరేళ్ళ దాకా ఆలస్యం కావచ్చని ఆ నోటీసులో వారే రాశారు. తప్పు చేయబోతూ ముందే రాతపూర్వకంగా ఒప్పుకునే ఇంతటి నిజాయితీ మన పాలనా వ్యవహారాల్లో అరుదు. పర్యావరణ సంఘాలు దాన్ని మెచ్చుకోవడానికి బదులు దావా వేశాయి.

అసలు తగువంతా లెక్క దగ్గరే ఉంది. అలబామాలో స్నాపర్ తెచ్చిన ప్రతి పడవా ఒడ్డుకు చేరేటప్పుడు ఎన్ని తెచ్చిందో ఫోన్‌లో నమోదు చేయాలి. ఫెడరల్ పద్ధతి ఇంతకంటే తీరికైనది: ఇళ్ళకు ఉత్తరాలు పంపి, గడిచిన కొద్ది కాలంలో చేపలకు ఎన్నిసార్లు వెళ్ళారని అడుగుతారు, రేవుల్లో కొందరిని ఆపి బుట్టలో ఏముందో చూస్తారు, ఈ రెండింటినీ హెచ్చవేస్తారు. ఇలా తేలిన మొత్తం అలబామా లెక్కకు దాదాపు రెట్టింపు. రెండు కాకి లెక్కలనూ ఒక దారికి తేవడానికి గుణకాలు కనిపెట్టారు. 2023 జనవరిలో అమల్లోకి వచ్చిన సూత్రం ప్రకారం అలబామా వాటాకు వచ్చిన కోటాను 0.4875తోను, మిసిసిపి కోటాను 0.3840తోను, ఫ్లోరిడా కోటాను 1.0602తోను గుణించాలి. చేపలు ఎన్నో తెలియకపోయినా నాలుగో దశాంశ స్థానం దాకా తెలుసునన్నమాట. తర్వాత ఈ గుణకాలను సవరించారు కూడా. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ శాస్త్రవేత్తలు మరో విషయం బయటపెట్టారు: ఆ ఉత్తరాల్లో ప్రశ్నల వరుస మార్చి అడిగి చూస్తే, జనం చేపలకు వెళ్ళిన సార్లు 30 నుంచి 40 శాతం తక్కువగా తేలాయి. గాలం తీయకుండా, పడవ కదలకుండా, కాగితం మీద రెండో ప్రశ్నను మొదటి ప్రశ్నకు ముందు వేసి ఇన్ని వేట యాత్రలను రద్దు చేయడం ఏ గస్తీ పడవకు చేతనవుతుంది?

చేపలను నేరుగా లెక్కపెట్టవచ్చు కదా అనే అమాయకులూ ఉన్నారు. పెట్టారు. కాంగ్రెస్ కోటి డాలర్లు ఇచ్చింది. టెక్సస్‌లోని హార్ట్ పరిశోధన సంస్థ నాయకత్వంలో శాస్త్రవేత్తలు కెమెరాలు దింపి, ధ్వని తరంగాలు పంపి, గుర్తు బిళ్ళలు తగిలించి లెక్కిస్తే గల్ఫ్‌లో సుమారు 11 కోట్ల రెడ్ స్నాపర్లు ఉన్నట్టు తేలింది. అప్పటి ఫెడరల్ అంచనా 3 కోట్ల 60 లక్షలు. మిగతావి ఎక్కడ దాక్కున్నాయంటే, రాళ్ళూ ఇనుప కాళ్ళూ లేని బయలు అడుగున, ఎవరూ వెతకనిచోట. సర్కారు వెతికే చోట ఉండకుండా వెతకనిచోట కాపురం పెట్టడాన్ని ఏమనాలో చేపే చెప్పాలి. ఇన్ని చేపలున్నాయి కనుక సీజన్ పెంచమని రాష్ట్రాలు అడిగాయి. అవన్నీ గాలాలు పడని చోట్ల విడివిడిగా ఉన్నాయి కనుక ఉన్నంత మాత్రాన పట్టుకోదగ్గవి కావని కేంద్రం నింపాదిగా సమాధానమిచ్చి, కోటాను కాస్త పెంచి ఊరుకుంది.

అట్లాంటిక్ వైపు సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. నార్త్ కరొలైనా నుంచి ఫ్లోరిడా దాకా ఉన్న ఫెడరల్ జలాల్లో 2024 సీజన్ జూలై 12న తెల్లవారింది, జూలై 12నే ముగిసింది. మనిషికొక చేప. మరుసటి ఏడాది ఔదార్యం పొంగి దాన్ని రెండు రోజులు చేశారు. అంత తక్కువ ఎందుకంటే, మిగిలిన రోజుల్లో వేరే చేపల కోసం వేసిన గాలాలకు కూడా స్నాపరే తగులుతోంది. దాన్ని నూట యాభై అడుగుల లోతునుంచి ఒక్క ఊపున పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి, కడుపు నోట్లోంచి బయటికి పొడుచుకొస్తుంది, కళ్ళు గుడ్లు తేలేస్తాయి. చట్టాన్ని గౌరవించి ఆ స్థితిలో దాన్ని తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. అది కిందికి దిగలేక బుడగలా తేలుతుంటే డాల్ఫిన్లు వచ్చి మిగతా పని చూసుకుంటాయి. ఇలా వదిలేయగా చచ్చినవే ఆ తీరంలో అసలు సీజన్‌ను మింగేస్తున్నాయి. గల్ఫ్‌లో ఇందుకు విరుగుడుగా 2022 జనవరి నుంచి రీఫ్ చేపల వేటకు వెళ్ళే ప్రతి పడవలోను ఆ గాలిని తీసే సూదిగాని, బరువు కట్టి చేపను అడుక్కి దింపే కొక్కెంగాని సిద్ధంగా ఉంచాలని చట్టం తెచ్చారు. గాలం వేసి పైకి తీయడం, కొక్కెం తగిలించి కిందికి దింపడం: చేపకు ఇంతకంటే రానుపోను సౌకర్యం ఏ ప్రభుత్వం కల్పించింది?

ఫెడరల్ జలాల్లో వేట నిబంధనలు తయారుచేసే గల్ఫ్ చేపల వేట మండలిలో పదిహేడు ఓట్లు ఉన్నాయి. దాని సమావేశాలు తీర పట్టణాల హోటళ్ళలో బహిరంగంగా జరుగుతాయి. ఎవరైనా పేరు రాయించుకుని మైకు ముందు తమ గోడు చెప్పుకోవచ్చు. సొంత పడవలవారు వస్తారు, కిరాయి పడవల కెప్టెన్లు వస్తారు, వాణిజ్య వేటగాళ్ళు, పర్యావరణ సంఘాలవారు వస్తారు. ఇన్నేళ్ళలో రెడ్ స్నాపర్ల తరఫున ఒక్క చేపైనా పేరు రాయించుకున్న దాఖలా లేదు. రాబోయే సీజన్‌కు కోటా ఎంతన్నది తేల్చేటప్పుడు ఈ గైర్హాజరును మండలి తీవ్రంగా పరిగణించాలని సవినయంగా మనవి చేస్తున్నాను.