‘ఓటీపీ చెప్పినవా?’ అని అడిగే ముందు

2024 నవంబర్‌లో వరంగల్ జిల్లా రాయపర్తిలో ఒక బ్యాంకులో దొంగలు పడ్డారు. కిటికీ తొలగించి లోపలికి దిగి, గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి, జనం కుదువపెట్టిన సుమారు 19 కిలోల బంగారు నగలు ఎత్తుకుపోయారు. నగలు పోయినవాళ్లను ‘మీరేం పొరపాటు చేశారు?’ అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. కాపలా బ్యాంకుది, జవాబూ బ్యాంకుదే.

అదే ఖాతాదారు సేవింగ్స్ ఖాతాలోంచి రాత్రికి రాత్రి నలభై వేలు మాయమై, పొద్దున్నే పాస్‌బుక్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న వేరు. ‘ఓటీపీ ఎవరికన్నా చెప్పినవా?’ చెప్పలేదంటే రెండో ప్రశ్న: ‘చెప్పకుంట ఎట్ల పోతయ్?’ ఆ రెండు ప్రశ్నలతో కథ అక్కడే ముగుస్తుంది. ఆయన తల దించుకుని ఇంటికి పోతాడు. ఇంట్లో కూడా పూర్తిగా చెప్పుకోడు.

రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ చదివితే, అడగాల్సింది బ్యాంకు కాదని, చెప్పాల్సింది బ్యాంకని అర్థమవుతుంది. ఖాతాదారుకు తెలియకుండా ఆన్‌లైన్‌లో డబ్బు పోయినప్పుడు, తప్పు అతనిదేనని నిరూపించే భారం బ్యాంకు మీదే పెట్టారు. బ్యాంకు వైపు లోపం ఉంటే నష్టమంతా బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవాడికి పైసా నష్టం రాకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాదారు భరించాల్సింది ఎక్కువలో ఎక్కువ 10 వేలు. కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ ఖాతాకైతే 5 వేలు. పోయిన సొమ్మును పది పనిదినాల్లో ఖాతాలో జమ చూపాలి, 90 రోజుల్లో వ్యవహారం తేల్చాలి. ఇంకో ముఖ్యమైన మాట కూడా అందులో ఉంది. పొరపాటున ఓటీపీ చెప్పేసినవాడైనా సరే, బ్యాంకుకు ఫిర్యాదు చేశాక పోయే ప్రతి రూపాయి నష్టమూ బ్యాంకే భరించాలి.

ఇన్నేళ్లలో ఈ సంగతి తెలుగులో రాసి గోడకు అంటించిన శాఖ మా కంటపడలేదు. హోమ్‌లోన్ పోస్టర్లకు మాత్రం గోడలు చాలవు.

ఓటీపీ చెప్పకుండా ఎట్లా పోతాయో తెలుసుకోవాలంటే పెద్దపల్లి జిల్లా దాటి వెళ్లనక్కర్లేదు. 2018లో ధర్మారంలో సిమ్‌కార్డుల వ్యాపారి ఒకడు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకుని, వాటి మీదున్న వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లాగా అచ్చు తీశాడు. వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. అతనికి కావాల్సింది సిమ్‌ల టార్గెట్. అదే ఉపాయం డబ్బు కావాల్సినవాళ్ల చేతికి చిక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆధార్ చెల్లింపు విధానంలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, నగదు చేతికొస్తుంది. ఓటీపీ ఊసే ఉండదు. అసలు ఫోనే లేని ముసలమ్మ ఖాతా కూడా ఇట్లా ఖాళీ కావచ్చు. ఆమెను ఏమని అడుగుతారు?

దీనికి విరుగుడుగా ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమంటారు. మంచి సలహానే. కానీ రేషన్ షాపులో వేలు పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ లాక్ తీయాలి. ఇంట్లో ఫోన్ పని తెలిసిన మనవడో మనవరాలో ఉంటే సరే, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు అది అయ్యే పని కాదు. అలాంటివారి ఖాతాల్లో ఆధార్‌తో డబ్బు తీసే సౌకర్యం వాళ్లు అడిగితేనే తెరవాలి, అడగకపోతే మూసి ఉంచాలి. ఇప్పుడు జరుగుతున్నది దానికి ఉల్టా.

ఇక వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కగానే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు. ‘పీఎం కిసాన్’ అనో, ‘ట్రాఫిక్ చలాన్’ అనో పేరుంటుంది. ఎవరో తెలియనివాళ్ల దగ్గర్నుంచి వస్తే అనుమానిస్తాం, కానీ ఇది బావమరిది నంబర్ నుంచో, కులసంఘం గ్రూపు నుంచో వస్తుంది. ఎందుకంటే అతని ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయగానే మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది. మనం చూడకుండానే ‘అలో’ నొక్కేస్తాం. ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ మనకంటే ముందు వాళ్లకు చేరుతుంది. ఇక్కడా ఎవరూ ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ప్లేస్టోర్‌లో కాకుండా చాటింగ్‌లో వచ్చిన యాప్‌ను, పంపింది సొంత తమ్ముడే అయినా సరే, ఫోన్ చేసి అడిగిన తర్వాతే ముట్టుకోవాలి.

జాగ్రత్తలు చెప్పేవాళ్లు ఒక మనిషికి ఒక ఫోను, ఒక పిన్ అన్న లెక్కతో చెబుతారు. మన దగ్గర పరిస్థితి అట్లా లేదు. ఫోన్ ఇంటిల్లిపాదిదీ. తండ్రి దుబాయ్ నుంచి డబ్బు పంపితే తల్లి ఖాతాలో పడుతుంది, పిన్ మాత్రం ఇంటర్ చదివే కొడుక్కి తెలుసు. ఏటీఎం కార్డు కవర్ మీద నాలుగంకెలు పెన్నుతో రాసి ఉంటాయి. పరకాలలోనో, హుజూరాబాద్‌లోనో ఏటీఎం ముందు ఓ పది నిమిషాలు నిలబడితే, కవర్‌తో సహా కార్డును పక్కవాడి చేతికిచ్చి ‘బిడ్డా, జర రెండు వేలు తీసియ్యి’ అనే పెద్దమనిషి తప్పకుండా కనబడతాడు. ‘పిన్ ఎవరికీ చెప్పొద్దు’ అన్న బోర్డు ఆయన వెనకే ఉంటుంది. ఆయన్ను మార్చేదాకా ఆగలేం కాబట్టి, ఆయన ఎవరికిచ్చినా పోయేది తక్కువగా ఉండేట్టు చూడడమే తెలివి.

దానికి మాకు తోచిన దారి రెండు ఖాతాలు. పంట డబ్బు, రిటైర్మెంట్ డబ్బు, పెళ్లికి దాచిన డబ్బు పడే ఖాతాకు యూపీఐ కలపొద్దు. పాలు, కూరగాయలు, కిరాణా కోసం వేరే ఖాతా పెట్టుకుని, నెలకు సరిపడా అందులో వేసుకుంటే చాలు. క్యూఆర్ స్కాన్ చేసేది ఆ చిన్న ఖాతాలోంచే.

ఫోన్ పోయినప్పుడు జనం ఫోన్ ధర గురించి బాధపడతారు గానీ సిమ్ గురించి ఆలోచించరు. హన్మకొండ బస్టాండ్‌లో జేబు కొట్టినవాడు ఫోన్ లాక్‌తో కుస్తీ పట్టడు. సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేస్తాడు. డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ తెలిస్తే, సిమ్‌కు వచ్చే ఓటీపీతో కొన్ని బ్యాంకుల్లో యూపీఐ పిన్ మార్చేయొచ్చు. ఫోన్ కవర్ వెనకే కార్డు దాచేవాళ్లు ఆ రెండో తాళం చెవి కూడా చేతికిచ్చినట్టే. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ పెట్టుకుంటే ఈ దారి మూసుకుంటుంది. మూడుసార్లు తప్పు నొక్కితే సిమ్ కంపెనీ దగ్గరుండే పీయూకే కోడ్ అడుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్ట్’ గురించి ఎంత చెప్పినా టెన్షన్‌లో ఉన్న మనిషికి చెవికెక్కదు. అట్లాంటి అరెస్ట్ ఏ చట్టంలోనూ లేదు. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో సింగరేణి నుంచి రిటైరై పెద్ద మొత్తాలు అందుకున్నవారు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు. ఇక్కడ డబ్బు పంపేది ఖాతాదారే కాబట్టి బ్యాంకును తప్పుపట్టడం అంత తేలిక కాదు. అయినా బ్యాంకు చేయగలిగింది ఉంది. 2024లో హైదరాబాద్‌లో ఎఫ్‌డీలు విడగొట్టడానికి కంగారుగా వచ్చిన ఒక సీనియర్ సిటిజన్‌ను స్టేట్ బ్యాంకు సిబ్బంది గుచ్చి గుచ్చి అడిగి 13 లక్షలు కాపాడారు. కౌంటర్ వెనక ప్రశ్న వేయడానికి అదీ సరైన సమయం.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆదివారం, రెండో శనివారం అన్న తేడా లేదు. ఎంత పోయింది, ఎన్ని గంటలకు పోయింది, ఆ లావాదేవీకి ఉండే పన్నెండంకెల యూటీఆర్ నంబరెంత అన్నవి చేతిలో పెట్టుకోండి. దొంగలు డబ్బును నాలుగైదు ఖాతాలు తిప్పుతారు. వాటిలో కమీషన్‌కు ఆశపడి అద్దెకిచ్చిన మన కాలేజీ కుర్రాళ్ల ఖాతాలు కూడా ఉంటాయి. ఆ గొలుసులో ఎక్కడ ఆగితే అక్కడ సొమ్ము స్తంభిస్తుంది, తర్వాత లోక్ అదాలత్ ద్వారా తిరిగొచ్చే వీలుంటుంది. 1930కి చెప్పాం కదా అని ఊరుకోకుండా బ్యాంకుకు కూడా విడిగా ఫిర్యాదు చేసి, నంబర్ తీసుకోవాలి. పైన చెప్పిన మూడు రోజుల లెక్కకు అదే ఆధారం.

ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో చూడండి. బ్యాంకు నుంచి మెసేజ్ అందినప్పటి నుంచి. ఐకేపీ సెంటర్లో 50 క్వింటాళ్ల ఏ గ్రేడు వడ్లు పోసిన రైతుకు 2025-26 మద్దతు ధర ప్రకారం క్వింటాలుకు 2,389 చొప్పున 1,19,450 రూపాయలు పడాలి. ఆయన రోజూ ఫోన్ తీసి చూస్తాడు. ఒకరోజు ఆ అంకె కనబడుతుంది. దాని పక్కనున్నది క్రెడిటెడ్ అన్న మాటో, డెబిటెడ్ అన్న మాటో ఆయనకు తెలియదు, ఎందుకంటే అది ఇంగ్లీషులో ఉంది. డబ్బు పడ్డదనుకుని ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. చదవలేని మెసేజ్‌తో గడువు మొదలుపెట్టి, నాలుగో రోజు వచ్చినవాడిని ఆలస్యం చేశావనడం ఏ లెక్కన న్యాయం? డబ్బు తీసినట్టు చెప్పే ప్రతి మెసేజ్ తెలుగులో రావాలి. అందులో ‘మీరు తీయలేదా? 1930కి ఫోన్ చేయండి’ అన్న మాట ఉండాలి. జిల్లాల్లో బ్యాంకర్ల సమావేశాలకు అధ్యక్షత వహించేది కలెక్టర్లే. పంట రుణాల లెక్కల కంటే ముందు ఈ ఒక్క అంశం ఎజెండాలో పెట్టి, ఏ బ్యాంకు ఎప్పటికి చేస్తుందో తేదీలతో సహా రాయించాలని వరంగల్, హనుమకొండ కలెక్టర్లను కోరుతున్నాం.