ఆవిడ ఏదీ వదల్లేదు కదా!

మీ వ్యాసంలో, ఆర్కెస్ట్రాలో చెల్లో (వయొలిన్ లాంటిదే, ఇంకా పెద్ద తీగ వాద్యం) వాయించే ఆవిడ భుజం నొప్పితో ఉద్యోగం మానేసి, యోగా టీచరై, ఇప్పుడు ఇంట్లో మళ్లీ చెల్లో పాఠాలూ చెబుతోందన్న కథ బాగుంది. కానీ 'సంగీతం వదిలి యోగాలోకి' అన్న మాటే నచ్చలేదు. ఆవిడ ఏదీ వదల్లేదు కదా!

మా అమ్మాయి న్యూజెర్సీలో స్కూల్ ఆర్కెస్ట్రాలో ఆరేళ్లు చెల్లో వాయించింది. పక్కన కూర్చుని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా. వాద్యం మోకాళ్ల మధ్య, దాని అడుగున ఇనుప మొన నేలకి ఆనించి కూర్చోవాలి. ప్రోగ్రాం రోజు టెన్షన్‌కి భుజాలు చెవుల దాకా లేచిపోయేవి, ఎడమ బొటనవేలు వాద్యం మెడని నొక్కేసేది, కమాను తీగ మీద వణికేది. టీచర్ వాయించడం ఆపించి "ముందు ఊపిరి వదులు" అనేవారు. అంతే, చేతి బరువు దానంతటదే కమానులోకి దిగి, అదే స్వరం నిండుగా పలికేది. అది యోగా కాక మరేమిటి?

వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ 1952లో బొంబాయిలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్‌ని కలిసి, యోగా నేర్చుకున్నారు. 1954లో ఆయనకిచ్చిన చేతి గడియారం మీద 'నా ఉత్తమ వయొలిన్ గురువుకి' అని చెక్కించారు. అయ్యంగార్ వయొలిన్ విద్వాంసుడు కాదు మరి!

ఒక్క లోటు. ఆర్కెస్ట్రా జీతం ఆగాక ఇల్లెలా గడిచిందో వ్యాసంలో ఒక్క ముక్క లేదు. యాభై దాటాక నేనూ ఉద్యోగం మానేద్దామని చూస్తున్నా, అందుకే అడుగుతున్నా.